మా నాన్న పాన్ మీద ఢిల్లీలో 3 కోట్ల వ్యాపారమట! ఎవరికి ఫిర్యాదు చెయ్యాలి?

తెనాలి_తెంపరి
మా నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. పెన్షను, ఎఫ్‌డీ వడ్డీ తప్ప ఇంకో పైసా రాదు. ఆయన రిటర్ను ఏటా నేనే వేస్తాను, పది నిమిషాల పని. మొన్న ఆదివారం కూర్చుని ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్లో ఏఐఎస్ (మన పాన్ మీద నమోదైన ఆదాయాల పట్టిక) తెరిచాను. పెన్షను ఉంది, వడ్డీ ఉంది, వాటి కింద "జీఎస్టీ టర్నోవర్" అని ఇంకో వరస ఉంది. నొక్కితే నెలనెలా అంకెలు వచ్చాయి. కూడితే 3 కోట్ల 42 లక్షలు.

నాన్నని పిలిచి చూపించాను. కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివి "డీఏ బకాయిలేమో చూడరా" అన్నారు.

ఆ జీఎస్టీ నంబరు 07తో మొదలవుతోంది. ఆ తర్వాత పది అక్షరాలూ అచ్చంగా నాన్న పానే. ఆయన జీవితంలో ఢిల్లీ వెళ్ళింది ఒక్కసారి, అదీ హరిద్వార్ వెళ్తూ స్టేషన్లో రైలు మారడానికి. ఇప్పుడేం చెయ్యాలి? రిటర్నులో ఇది చూపించాలా వద్దా? పోలీసుల దగ్గరికి వెళ్ళాలా, ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసుకా, జీఎస్టీ ఆఫీసుకా? మూడు రోజులుగా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

పెసరట్టు_ఉప్మా
07 ఢిల్లీ కోడే. మనవి 36 తెలంగాణ, 37 ఆంధ్ర. డీఏ బకాయిలు అన్న మాట మాత్రం అదిరింది, మాస్టారికి దండాలు.

జీరో_రిటర్న్
ఏం కాదు బ్రో, వదిలెయ్. కంప్యూటర్ తప్పయ్యుంటుంది. మా బాబాయికి కూడా ఇలాంటిదేదో వచ్చింది, పట్టించుకోలేదు, దానంతటదే పోయింది.

ఆడిటర్_అవధాని
జీరో_రిటర్న్ చెప్పిన పని మాత్రం చెయ్యకండి. దానంతటదే పోదు, వడ్డీతో సహా తిరిగొస్తుంది.

మీ నాన్నగారి పాన్ మీద ఎవడో బోగస్ బిల్లుల దుకాణం పెట్టాడు. 2017లో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి ఏడాదికి మూడో నాలుగో ఇలాంటివి నా టేబుల్ మీదకి వస్తూనే ఉన్నాయి. వీళ్ళ పద్ధతి చెప్తాను. దుకాణంలో సరుకుండదు, అసలు దుకాణమే ఉండదు. కోటి రూపాయల ఇనుము అమ్మినట్టు బిల్లు రాస్తాడు, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తాడు. ఆ బిల్లు తీసుకున్నవాడు తాను కట్టాల్సిన పన్నులోంచి 18 లక్షలు తగ్గించుకుంటాడు, బిల్లు రాసినవాడికి కమీషన్ పడేస్తాడు. లారీ కదలదు, బిల్లు మాత్రం నాలుగు రాష్ట్రాలు తిరుగుతుంది. ఎప్పుడో ఒకరోజు లెక్క తీస్తే ఆ 18 లక్షలూ ఖజానాకి చేరలేదని తేలుతుంది. అప్పుడు కాగితం మీద ఎవరి పేరుంటే వాళ్ళకే నోటీసు.

ముందు జీఎస్టీ పోర్టల్లో "సెర్చ్ బై పాన్" అని ఉంటుంది, అక్కడికి వెళ్ళండి. లాగిన్ అక్కర్లేదు. పాన్ కొడితే దాని మీద దేశం మొత్తంలో ఉన్న రిజిస్ట్రేషన్లన్నీ వస్తాయి. ఒకటే ఉంటుందని అనుకోవద్దు. ఒక్కో నంబరూ నొక్కితే వ్యాపారం పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ తేదీ, ఏ అధికారి పరిధి, ఇంకా నడుస్తోందా రద్దయిందా అన్నీ కనిపిస్తాయి. తేదీ పడేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచండి.

రిటర్నులో ఆ టర్నోవర్ చూపించొద్దు. చూపిస్తే మాదేనని సంతకం పెట్టినట్టే. ఏఐఎస్‌లో ఆ వరస పక్కనే ఫీడ్‌బ్యాక్ ఉంటుంది, అందులో "ఇన్ఫర్మేషన్ ఈజ్ డినైడ్" పెట్టి, వచ్చిన రసీదు పీడీఎఫ్ దించుకోండి. మిగతాది మీరు వెతికాక చెప్తాను.

తెనాలి_తెంపరి
అవధాని గారూ, వెతికాను. ఒకటి కాదు, రెండు. ఢిల్లీది "యాక్టివ్" అని ఉంది. ఇంకొకటి 09తో ఉంది, అది రద్దయింది. రెండూ ఏదో ఎంటర్‌ప్రైజెస్. ఢిల్లీ చిరునామాలో మూడో అంతస్తు, గది నంబరు కూడా రాశారు. మా నాన్నకి మోకాళ్ళ నొప్పి, మా ఇంట్లో మేడ కూడా ఎక్కరు.

పెసరట్టు_ఉప్మా
09 యూపీ.

వాణి_వరంగల్
ఇది చదివి నేనూ నా ఏఐఎస్ చూశాను. నాకు అద్దె ఆదాయం వస్తోందట, ఏడాదికి 2 లక్షల 16 వేలు! మాకున్నదే ఒక్క ఇల్లు, అందులో మేమే ఉంటున్నాం. ఎవడో నా పాన్ వాడాడని వణికిపోయాను. తర్వాత ఆ వివరం పంపిన కంపెనీ పేరు చూస్తే మా మరిది ఉద్యోగం చేసే కంపెనీ. నా పాన్ పెట్టి, నాకు అద్దె కడుతున్నట్టు చూపించి హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె అలవెన్సు) మినహాయింపు క్లెయిమ్ చేశాడు. రెండేళ్ళుగా మా ఇంట్లోనే ఉంటున్నాడు, మూడు పూటలా నా చేతి వంటే తింటున్నాడు. అద్దె మాట దేవుడెరుగు, కూరల సంచీ కూడా మోసి ఎరగడు.

పెసరట్టు_ఉప్మా
వాణి గారూ, రెండేళ్ళ బకాయి 4 లక్షల 32 వేలు. వడ్డీతో వసూలు చెయ్యండి.

గుంటూరు_ఘాటు
నవ్వులాట కాదు. ఏడాదికి లక్ష దాటి అద్దె చూపిస్తే ఇంటి ఓనరు పాన్ ఇవ్వాలి. అందుకే తెలిసినవాళ్ళ పాన్ ఏదో ఒకటి పడేస్తారు. అది పోయి ఆ పాన్ మనిషి ఖాతాలో ఆదాయంగా కూర్చుంటుంది. 2024లో దీని మీద గోల గోలైంది, పాతవన్నీ తిరగతోడతారని. ప్రత్యేకంగా అలాంటి కార్యక్రమమేదీ లేదని ఇన్‌కమ్ టాక్స్ శాఖ పై బోర్డు సీబీడీటీ అప్పట్లో ప్రకటన ఇచ్చింది. అంతమాత్రాన తప్పు ఒప్పయిపోదు కదా.

వాణి_వరంగల్
ఫీడ్‌బ్యాక్‌లో నాది కాదని పెట్టనా, మరిది పరువు చూడనా? అత్తయ్యకి తెలిస్తే ఇంట్లో రామాయణమే.

ఆడిటర్_అవధాని
అమ్మా, మీరు మౌనంగా ఉంటే ఆ 2 లక్షలకి పన్ను మీరు కట్టాలి. ఆయన్నే ఆ క్లెయిమ్ వెనక్కి తీసుకుని రిటర్ను సరిచేసుకోమనండి. మీ పక్క నుంచి ఫీడ్‌బ్యాక్ మాత్రం ఉన్నదున్నట్టు పెట్టండి. పరువు సంగతి మీ ఇంటి విషయం, నేను చెప్పేదేం లేదు.

నస_నారాయణ
నాకో అనుమానం. 2020 ఆగస్టు నుంచి కొత్త జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి ఆధార్ ధ్రువీకరణ ఉంది కదా. ఆధార్‌కి ఉన్న ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. అది లేకపోతే అధికారి వెళ్ళి చోటు చూడాలి. మరి మాస్టారి ఫోన్‌కి ఓటీపీ రాకుండా వీళ్ళకి రిజిస్ట్రేషన్ ఎలా వచ్చింది? ఎవరినీ అనుమానించడం లేదు, అడుగుతున్నానంతే.

తెనాలి_తెంపరి
నాన్న ఎవరికీ ఓటీపీ ఇవ్వరు. బ్యాంకు పేరుతో ఫోన్ వస్తే వ్యాకరణం తప్పులు దిద్ది మరీ పెట్టేస్తారు.

గుంటూరు_ఘాటు
ఓటీపీ సంగతి తర్వాత, అసలు కాగితాలు ఎలా పోతున్నాయో చూడండి. మొన్న మా వీధి చివర నెట్ సెంటర్‌కి ఒక ప్రింటు కోసం వెళ్ళాను. అబ్బాయి నా ఫైలు వెతకడానికి డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాడు. దాన్నిండా ఊరందరి ఆధార్లు, పాన్లు, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీలు. పేర్లతో సహా సేవ్ అయి ఉన్నాయి. పై వరసలో మా ఎదురింటి ఆంటీ ఫొటో! నేను నిలబడి నాదీ, ఆంటీదీ డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించి వచ్చాను. ఆ అబ్బాయి చెడ్డవాడేం కాదు, వాడికి ఆ ఆలోచనే లేదు.

సిరిసిల్ల_నేత
అందుకే నేను జిరాక్సు ఇస్తే దాని మీద అడ్డంగా "ఫలానా పని కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి సంతకం పెడతా. అక్షరాలు బొమ్మ మీదికి వచ్చేలా రాయాలి, పక్కన ఖాళీలో రాస్తే కత్తిరించేస్తారు. ఆధార్ అయితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చు, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.

జీరో_రిటర్న్
మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే ఎవడు తీసుకుంటాడు? హోటల్లో ఇచ్చాను, "సార్ నంబరు చెరిగిపోయింది, ఒరిజినల్ ఇవ్వండి" అన్నాడు.

సిరిసిల్ల_నేత
అదీ నిజమే. 2022 మే నెలలో ఆధార్ ఇచ్చే ఉడాయ్ సంస్థ బెంగళూరు ఆఫీసు వాళ్ళే ఆధార్ జిరాక్సులు ఎవరికీ ఇవ్వొద్దని ప్రకటన ఇచ్చారు, రెండు రోజులకి దాన్ని వెనక్కి తీసుకున్నారు. వాళ్ళకే తేలలేదు, ఇక హోటల్ వాడికేం తెలుస్తుంది.

డల్లాస్_దొండకాయ
ఇక్కడ అమెరికాలోనూ ఇదే గోల, వేషం వేరు. మూడేళ్ళ క్రితం ఫిబ్రవరిలో రిటర్ను ఈ-ఫైల్ చేస్తే రిజెక్ట్ అయింది. నా సోషల్ సెక్యూరిటీ నంబరు మీద అప్పటికే ఎవడో రిటర్ను వేసేశాడు, రీఫండు కోసం. ఫారం 14039 అని అఫిడవిట్ ఉంటుంది, అది జత చేసి నా రిటర్ను కాగితం మీద పోస్టులో పంపాను. తేలడానికి ఏడాది దాటింది. ఆ తర్వాత ఐపీ పిన్ తీసుకున్నాను. ఆరంకెలు, ఏటా మారుతుంది, అది లేకుండా నా నంబరుతో ఈ-ఫైల్ చేస్తే వెంటనే రిజెక్ట్. 2021 నుంచి గుర్తింపు నిరూపించుకోగలిగిన ఎవరైనా తీసుకోవచ్చు. ఇక్కడున్న మనవాళ్ళు చాలామంది దెబ్బ తిన్నాకే తీసుకుంటారు, నాలాగే. ఇండియాలో అలాంటి పిన్ ఏమైనా ఉందా?

ఆడిటర్_అవధాని
అలాంటి పిన్ లేదు. కానీ ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్లో "ఈ-ఫైలింగ్ వాల్ట్" అని ఉంటుంది. అది పెట్టుకుంటే పాస్‌వర్డ్ తెలిసినవాడు కూడా ఆధార్ ఓటీపీయో నెట్ బ్యాంకింగో లేకుండా లోపలికి రాలేడు. నా క్లయింట్లలో పదిమందికి ఒకరు కూడా పెట్టుకోలేదు. అలాగే ప్రొఫైల్లో ఫోన్ నంబరు, మెయిల్ ఎవరివో ఇప్పుడే చూసుకోండి. సగం మందికి అక్కడ రిటర్ను వేసిన ఏజెంటు నంబరే ఉంటుంది.

హైటెక్_హనుమంతు
అవధాని గారు ఏజెంటు నంబరు అనగానే నా గుండె ఆగింది. మా ఆఫీసుకి ఒకతను వచ్చేవాడు. "జీతంలో ముందే కోసిన పన్ను, అదే టీడీఎస్, అందులో 70 శాతం వెనక్కి ఇప్పిస్తా, వచ్చినదాంట్లో 10 శాతం నాది" అన్నాడు. మా ఫ్లోర్‌లో దాదాపు నలభై మందిమి వేయించుకున్నాం. ఇప్పుడు డిపార్ట్‌మెంట్ నుంచి మీ క్లెయిములు ఒకసారి సరిచూసుకోండి అని మెసేజ్ వచ్చింది. రిటర్ను తెరిచి చూస్తే 80జీజీసీ కింద ఏదో రాజకీయ పార్టీకి లక్షన్నర విరాళం ఇచ్చానని ఉంది. ఆ పార్టీ పేరు నేనెప్పుడూ వినలేదు. ఫోన్ నంబరు, మెయిల్ వాడివే. నా గుర్తింపు వాడి నన్ను మోసం చేశాడు కాబట్టి నేను బాధితుణ్ణి. వాడి మీద ఎక్కడ కంప్లైంట్ ఇవ్వాలి?

నస_నారాయణ
రీఫండు ఎవరి ఖాతాలో పడింది?

హైటెక్_హనుమంతు
నా ఖాతాలోనే.

నస_నారాయణ
వాడికి 10 శాతం ఎవరు పంపారు?

హైటెక్_హనుమంతు
నేనే. ఫోన్‌పేలో.

నస_నారాయణ
ఇంకేం అడగను.

వాణి_వరంగల్
పాపం ఆయన్ని అలా నిలదీస్తారేం. చదువుకున్నవాళ్ళకి కూడా 80సీ తప్ప మిగతా సెక్షన్లు ఏం తెలుస్తాయి? చట్టప్రకారమే ఇప్పిస్తున్నాడని నమ్మి ఉంటారు.

ముషీరాబాద్_ముచ్చట్లు
వాణక్కా, 70 శాతం వెనక్కి వస్తుందంటే నమ్మడం కాదు, నమ్మాలనిపించడం. నేనూ అదే బ్యాచ్, వేరే కంపెనీ. లేని వైకల్యం చూపించి తీసుకున్నాడు మా ఏజెంటు. మా అమ్మకి తెలిస్తే చెప్పుతో కొట్టేది.

ఆడిటర్_అవధాని
హనుమంతు గారూ, చట్టం దృష్టిలో రిటర్ను మీది, వెరిఫై చేసిన ఆధార్ ఓటీపీ మీది, డబ్బు మీది. ఏజెంటు మీద ఫిర్యాదు ఇవ్వండి, ఇవ్వాలి కూడా, కానీ దానివల్ల మీ పన్ను తగ్గదు. 2025 జూలై 14న ఇలాంటి ఏజెంట్లవే దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు చేశారు. దానికి ముందు నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని, ఆ మొత్తం 1,045 కోట్లని సీబీడీటీయే చెప్పింది. అంటే మీరు ఒంటరి కాదు.

అసలు నోటీసు రాకముందే అప్‌డేటెడ్ రిటర్ను (పాతదాన్ని సరిదిద్ది మళ్ళీ వేసేది) వేసెయ్యండి. పన్ను, వడ్డీ, వాటి మీద అదనంగా ఇంత. మొదటి ఏడాదిలో 25 శాతం, ఆలస్యమయ్యే కొద్దీ పెరిగి నాలుగో ఏడాదికి 70 అవుతుంది. అది ఎక్కువనిపిస్తే ఈ అంకె చూడండి, వాళ్ళు పట్టుకుని తప్పుడు సమాచారం కింద పెనాల్టీ వేస్తే ఎగ్గొట్టిన పన్నుకి 200 శాతం. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1తో మొదలైంది కాబట్టి సెక్షన్ల నంబర్లు మారాయి, ఆ నంబర్ల మీద ఇక్కడ కొట్టుకోకండి.

మొదటి పని, ప్రొఫైల్లో ఫోన్, మెయిల్ మీవి పెట్టుకోండి. లేకపోతే నోటీసు వాడికి వెళ్తుంది, వాడు చదివి డిలీట్ చేస్తాడు.

హైటెక్_హనుమంతు
మార్చాను. లెక్క వేస్తే ఫోన్ ఈఎంఐ మీద ఇంకో ఈఎంఐ. మిగతా ముప్పై తొమ్మిది మందికీ ఈ చర్చ లింకు పంపాను. ఇద్దరు నన్ను బ్లాక్ చేశారు.

పెసరట్టు_ఉప్మా
ఇలా తలో గోడూ వెళ్ళబోసుకుంటూ పోతే మాస్టారి ఢిల్లీ వ్యాపారం దివాళా తీస్తుంది. తెంపరి బ్రో ఎక్కడ?

తెనాలి_తెంపరి
ఇక్కడే ఉన్నా. నస_నారాయణ గారికి క్షమాపణ చెప్పుకోవాలి.

నాన్న మెసేజ్‌లు డిలీట్ చెయ్యరు. ఆయన ఫోన్‌లో పదకొండు వేలకి పైగా ఉన్నాయి, పెళ్ళిళ్ళ పిలుపుల నుంచి గ్యాస్ బుకింగ్ దాకా. ఆ ఢిల్లీ రిజిస్ట్రేషన్ తేదీ పట్టుకుని నిన్న రాత్రి వెనక్కి జరుపుతూ పోయాను. దానికి తొమ్మిది రోజుల ముందు, మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాలకి ఆధార్ ఓటీపీ మెసేజ్ ఒకటుంది. ఐదు నిమిషాల తేడాతో ఇంకొకటి.

నాన్నకి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. ఆ రోజు వీధిలోకి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారట, టేబులు వేసుకుని, సీనియర్ సిటిజన్లకి ఏదో హెల్త్ కార్డు అని. ఆధార్, పాన్, కరెంటు బిల్లు ఫొటోలు తీసుకున్నారట. ఒక కుర్రాడు "మాస్టారూ, నేను మీ స్కూల్లోనే చదివాను" అన్నాడట. దాంతో కరిగిపోయి ఓటీపీ ఈయనే చదివి చెప్పారు, అదీ స్పష్టంగా, రెండుసార్లు. కార్డు రాకపోతే మోసపోయానని అప్పుడే అర్థమైందట, మాతో చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నారు. వాడు నిజంగా తన శిష్యుడేనా కాదా అన్నదే ఆయనకి ఇప్పటికీ పెద్ద బాధ.

ఇప్పుడు ఫిర్యాదులో ఓటీపీ విషయం రాయాలా, వద్దా?

జీరో_రిటర్న్
రాయొద్దు బ్రో. ఇచ్చానని రాస్తే మీదే తప్పంటారు. తెలీదు అనేయండి.

గుంటూరు_ఘాటు
రేపు విచారణలో ఆ ఓటీపీ రికార్డు బయటపడితే? అప్పుడు మొత్తం ఫిర్యాదే అబద్ధమంటారు. ఉన్నది రాయండి.

ఆడిటర్_అవధాని
ఘాటు గారి మాటే నాదీ. పథకం పేరుతో మోసపుచ్చి ఓటీపీ తీసుకున్నారని తేదీ, సమయంతో సహా రాయండి. అది మీ బలహీనత కాదు, ఆ మెసేజే మీ సాక్ష్యం. ఆ ఫోన్ మార్చొద్దు, రీసెట్ చెయ్యొద్దు. ఆధార్ వాడకం చరిత్ర ఉడాయ్ సైట్‌లో చూడొచ్చు కానీ ఆరు నెలలదే వస్తుంది, మీది దాటిపోయింది.

ఇక వరస. ముందు పోలీసు ఫిర్యాదు, స్టేషన్లోనో నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్లోనో. దాని కాపీ లేకుండా మిగతా ఆఫీసుల్లో మాట ముందుకి పోదు. తర్వాత పోర్టల్లో కనిపించిన ఆ ఢిల్లీ అధికారికి, యూపీ అధికారికి వేర్వేరుగా లేఖలు, రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యమని, ఇకపై ఆ పేరు మీద ఏ బాకీ మోపొద్దని. మెయిల్‌లో పంపండి, అదే రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి, రసీదు తెచ్చుకోండి. జీఎస్టీ సెల్ఫ్ సర్వీస్ పోర్టల్లో ఫిర్యాదు వేసి టికెట్ నంబరు రాసుకోండి. లేఖలో ఒక్క మాట తప్పకుండా అడగండి: దరఖాస్తులో పెట్టిన ఫోన్ నంబరు, మెయిల్, బ్యాంకు ఖాతా, అద్దె ఒప్పందం కాపీలు ఇవ్వమని. సంతకం తేడా అక్కడే దొరుకుతుంది. ఇవ్వకపోతే ఆర్టీఐ.

రద్దయింది కదా అని యూపీదాన్ని వదిలెయ్యొద్దు. రద్దయినా పాత బాకీ బతికే ఉంటుంది.

ఒక మనిషి నా దగ్గరికి వచ్చాడు, ఇస్త్రీ బండి ఆయన. నోటీసులు మూడు వచ్చాయట, ఇంగ్లీషులో ఉన్నాయని పిల్లల పుస్తకాలకి అట్టలు వేశారు. ఆ అట్టలు విప్పి స్కాన్ చేసుకున్నాం. జవాబు గడువు అప్పటికే దాటింది, అప్పీలుకి వెళ్ళాల్సి వచ్చింది. అందుకే చెప్తున్నాను, నోటీసు వస్తే గడువులోపల రెండు వాక్యాలైనా జవాబు పంపండి.

సిరిసిల్ల_నేత
అట్టలు వేశారా. నవ్వొచ్చి గొంతు పట్టేసింది.

ముషీరాబాద్_ముచ్చట్లు
మనల్ని మోసం చేసినవాళ్ళ సంగతి సరే. మనకి కళ్ళెదుట కనబడే పన్ను ఎగవేత ఎవరికి చెప్పాలి? నా పాత కంపెనీ ఓనరు నా జీతంలో ఎనిమిది నెలలు టీడీఎస్ కోశాడు, నా పేరు మీద జమైన పన్ను చూపించే 26ఏఎస్‌లో ఒక్క రూపాయి లేదు. అదే సమయంలో కొత్త కారు కొన్నాడు. ఆ కారులో నా చక్రం ఒకటైనా ఉంటుంది.

ఆడిటర్_అవధాని
పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు దాచుకోండి. జీతంలో కోసిన టీడీఎస్‌ని కంపెనీ కట్టకపోతే దాన్ని ఉద్యోగి దగ్గర మళ్ళీ వసూలు చెయ్యకూడదని చట్టంలోనే ఉంది, అధికారులకి సీబీడీటీ ఆదేశాలూ ఉన్నాయి. ఓనరుకైతే జైలు దాకా వెళ్ళే కేసు అది. ఇన్‌కమ్ టాక్స్‌లో టీడీఎస్ చూసే వార్డుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

మామూలు ఎగవేతకైతే 2021 జనవరి నుంచి ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్లోనే ఒక చోటు ఉంది. పన్ను ఎగవేత, బినామీ ఆస్తి, విదేశాల్లో దాచిన ఆస్తి, మూడింటికీ. పాన్ గానీ ఆధార్ గానీ లేనివాళ్ళు కూడా ఇవ్వొచ్చు. ఓటీపీతో ధ్రువీకరించాక ఒక నంబరు ఇస్తారు, దానితో ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు.

జీరో_రిటర్న్
బహుమతి కూడా ఇస్తారట కదా, 5 కోట్లు. మా వీధిలో ఫంక్షన్ హాలు ఒకటుంది, మా చెల్లి పెళ్ళి అక్కడే చేశాం, మొత్తం క్యాషే. చెప్పేస్తే లైఫ్ సెటిల్.

నస_నారాయణ
5 కోట్లు విదేశాల్లో దాచిన నల్లడబ్బు సమాచారానికి. మామూలు ఆదాయపు పన్నుకి 50 లక్షలు, బినామీకి కోటి. అవి పైహద్దులు, చేతికొచ్చేవి కావు. 2018 పథకం అది. ఊరూ పేరూ లేకుండా ఆకాశరామన్న ఉత్తరం రాస్తే రూపాయి రాదు. అధికారి ముందు పేరు ఇచ్చి ఫారం నింపాలి. పేరు గోప్యంగా ఉంచుతారు. "మొత్తం క్యాషే" అంటే సరిపోదు, ఎవరు ఎప్పుడు ఎంత ఇచ్చారో కావాలి. 2 లక్షలు, ఆపైన క్యాష్ తీసుకుంటే అంతే పెనాల్టీ పడుతుంది తీసుకున్నవాడికి. మీ చెల్లి పెళ్ళి రసీదు ఏమైనా ఉందా?

జీరో_రిటర్న్
రసీదు తీసుకోలేదు. తీసుకుంటే 18 శాతం ఎక్స్‌ట్రా అన్నాడు.

నస_నారాయణ
అదీ సంగతి.

డల్లాస్_దొండకాయ
మా దగ్గర మామూలు ఎగవేతకి ఫారం 3949-ఏ. దానికి బహుమతి ఉండదు, పేరూ చెప్పక్కర్లేదు. బహుమతి కావాలంటే ఫారం 211, వసూలైనదాంట్లో 15 నుంచి 30 శాతం, కానీ గొడవలో ఉన్న సొమ్ము 20 లక్షల డాలర్లు దాటాలి. ఇక్కడి మన దేశీ కిరాణా షాపు వాడు క్యాష్ ఇస్తే టాక్స్ తీసేస్తానంటాడు, వాడి మీద వేసే ఫారం కాదది.

గుంటూరు_ఘాటు
నా అనుభవం చెప్తా. మా పెదనాన్న మీద ఎవరో ఇలా ఫిర్యాదు పెట్టారు. పొలం వాటాల గొడవలో దగ్గరివాళ్ళే. ఏడాదిపాటు కాగితాలు మోశాడాయన, చివరికి ఏమీ తేలలేదు. అందుకే ఈ ఫిర్యాదుల మీద నాకు అంత గౌరవం లేదు. సగం కక్షలే.

ముషీరాబాద్_ముచ్చట్లు
ఘాటన్నా, సగం కక్షలైతే మిగతా సగం నాలాంటివాళ్ళవి. నా ఎనిమిది నెలల కోత కక్ష కాదు కదా.

గుంటూరు_ఘాటు
నీది వేరు తమ్ముడూ, నీ దగ్గర కాగితం ఉంది. వెయ్యి, నేనే డ్రాఫ్టు రాసిస్తా.

వాణి_వరంగల్
మధ్యలో ఒక మాట. నాకు "మీ పాన్ 2.0 కార్డు సిద్ధం, ఇక్కడ నొక్కి దించుకోండి" అని మెయిల్ వచ్చింది. ఇదీ దొంగదేనా?

నస_నారాయణ
దొంగదే. 2024 నవంబర్లో కేబినెట్ పాన్ 2.0 ప్రాజెక్టు ఒప్పుకున్న దగ్గర్నుంచి ఆ మెయిళ్ళు తిరుగుతున్నాయి, కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ కూడా అబద్ధమని చెప్పింది. పాత కార్డు చెల్లుతుంది. ఇన్‌కమ్ టాక్స్ నుంచి నోటీసని వస్తే దాని మీద డిన్ (ఆ కాగితం గుర్తింపు) నంబరు చూడండి, 2019 అక్టోబర్ నుంచి తప్పనిసరి. పోర్టల్లో లాగిన్ అవ్వకుండానే ఆ నంబరు కొట్టి అసలుదో నకిలీదో తేల్చుకోవచ్చు.

వాణి_వరంగల్
థాంక్స్. మరిది విషయం కూడా తేలింది. నేను చెప్పకముందే అత్తయ్య చెప్పేశారు, తలుపు చాటు నుంచి విన్నారట. రిటర్ను సరిచేశాడు. ఈ నెల నుంచి నిజంగానే అద్దె ఇస్తానన్నాడు, నేను వద్దన్నాను. అది మళ్ళీ నా ఏఐఎస్‌లోకి వస్తుంది.

పెసరట్టు_ఉప్మా
కూరల సంచీ మోయించండి, దానికి టీడీఎస్ లేదు.

తెనాలి_తెంపరి
నాలుగు నెలల తర్వాత వస్తున్నా, ఎలా అయిందో చెప్పమని కొందరు మెసేజ్ పెట్టారు.

పోలీసులు మొదటిరోజు ఇది ఢిల్లీ విషయం, అక్కడికి వెళ్ళండన్నారు. సైబర్ పోర్టల్లో వేసిన నంబరు చూపించాక తీసుకున్నారు. ఢిల్లీ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టు రెండుసార్లు పంపాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి, ఆరు వారాలకి, చోటు చూడటానికి వెళ్ళామని, అక్కడ అలాంటి వ్యాపారం లేదని, రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేశామని మెయిల్ వచ్చింది. ఇప్పుడు పోర్టల్లో క్యాన్సిల్డ్ అని ఉంది. దరఖాస్తు కాపీ ఆర్టీఐలో వచ్చింది. ఫొటో నాన్నదే, వీధిలో టేబులు దగ్గర తీసింది, వెనక మా గేటు కూడా పడింది. సంతకం మాత్రం ఇంగ్లీషులో ఉంది. నాన్న జీవితంలో ఇంగ్లీషులో సంతకం పెట్టలేదు, పెన్షన్ కాగితాల మీద కూడా తెలుగే. అవధాని గారు ఆ పాత కాగితాలు జత చేయించారు.

యూపీది ఇంకా తేలలేదు. 11 లక్షల బాకీ నోటీసు ఒకటి వచ్చింది, గడువులోపే జవాబు పంపాం. రిటర్ను పెన్షను, వడ్డీ మీదే వేశాం, ప్రాసెస్ అయింది, 1,840 రూపాయల రీఫండు కూడా వచ్చింది.

నాన్న ఇప్పుడు ప్రతి జిరాక్సు మీదా అడ్డంగా రాస్తున్నారు. నిన్న కేబుల్ అబ్బాయి ఆధార్ అడిగితే "ఈ ప్రతి కేవలం కేబుల్ కనెక్షను నిమిత్తము మాత్రమే ఇవ్వబడినది, అన్య ప్రయోజనములకు చెల్లదు" అని రెండు వరసలు రాసిచ్చారు. ఆ అబ్బాయి చదవలేక నా దగ్గరికి తెచ్చాడు.

ఆడిటర్_అవధాని
యూపీ వాళ్ళు వ్యక్తిగత విచారణకి పిలిస్తే వీడియోలో హాజరవుతామని ముందే రాయండి. ఆ లేఖ నాకు పంపండి, చూసి ఇస్తాను. అందులో ఇంగ్లీషు సంతకం సంగతి మొదటి పేరాలోనే రావాలి.

పెసరట్టు_ఉప్మా
"అన్య ప్రయోజనములకు చెల్లదు" అనేది నా వాట్సాప్ స్టేటస్. మాస్టారిని అడిగి పెట్టుకున్నట్టే అనుకోండి.